మెట్లెక్కలేని భక్తునకు మార్గము
(జీర్ణోద్ధరణ, మహాకుంభాభిషేక సందర్భమున దాతలను, భక్తులను ఉద్దేశించి ఆలయ అర్చకులు చేసిన ప్రసంగ పాఠము)





అనుజ్ఞ, బాలాలయ ప్రతిష్ఠ మొదలుకొని అష్టబంధనము, కుంభాభిషేకము వరకు మన ఆలయ జీర్ణోద్ధరణ క్రతువు సాగిన విధమును ఈ సంచికయందు పెద్దలు వివరించియున్నారు. దాతల నామములు, వారి కైంకర్యములు ముద్రితములైనవి. వానిని నేను మరల చెప్పబోను. శిథిలమైన గోడను నిలబెట్టుట, కారుచున్న కప్పును బాగుచేయుట జీర్ణోద్ధరణము. భక్తునకును భగవంతునకును నడుమ ఏర్పడిన అడ్డంకిని తొలగించుటయు జీర్ణోద్ధరణమే. అట్టి అడ్డంకి మన ఆలయమున ఒకటి కలదు. అది ధ్వజస్తంభము దాటిన పిమ్మట ముఖమండపమునకున్న ఎనిమిది మెట్లు. చక్రాల కుర్చీలో వచ్చు భక్తుని ఆ మెట్ల మీదికి చేర్చుటకు ఎట్టి లిఫ్టును ఎన్నుకొనవలెనను విషయమే ఈ ప్రసంగము.

అర్చకుడు మంత్రము చెప్పవలెను గాని యంత్రమును గూర్చి చెప్పుటేమి యని కొందరనుకొనవచ్చును. గర్భాలయ ద్వారమున నిలిచి హారతి చూపువానికి ఎదుట ఎవరున్నారో కనబడును. ఎవరు లేరో కూడ కనబడును. ఏండ్ల తరబడి ప్రతి శనివారము వచ్చిన తల్లులు ఒకనాటి నుండి కనబడరు. వారి కుమారులు వచ్చి గోత్రనామములు చెప్పి అర్చన చేయించుకొని, "అమ్మ క్రింద ఆటోలోనే ఉన్నదండి, తీర్థము కొంచెము ఇవ్వండి" అందురు. గుడి వరకు వచ్చి, గోపురమునకు నమస్కరించి, స్వామిని చూడకయే మరలిపోవుచున్న వారి సంఖ్య చిన్నది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున 2.68 కోట్ల మంది దివ్యాంగులు కలరు. వారిలో సుమారు 54 లక్షల మందికి కదలికకు సంబంధించిన వైకల్యము. మోకాళ్లు సహకరింపని వృద్ధులు ఆ లెక్కలో చేరలేదు. మనమందరము ఏదో ఒకనాడు ఆ వరుసలోనికి చేరవలసినవారమే.

శాస్త్రసమ్మతియా?

ఈ ప్రశ్న ముందుగా వచ్చును. ఋగ్వేద ప్రథమ మండలమున అశ్వినీదేవతల స్తుతియందు విశ్పల యను ఆమె ప్రస్తావన కలదు. యుద్ధమున కాలు తెగిన ఆమెకు దేవవైద్యులు ఇనుప కాలు నమర్చి మరల నడిపించిరి. లోహముతో చేసిన సాధనమును దేహమునకు తోడుగా ఇచ్చినవారు దేవతలే. నిత్యము మన మర్ఘ్యమిచ్చు సూర్యభగవానుని సారథి అరుణునకు తొడలు లేవు. అందుచేతనే ఆయనకు అనూరుడని పేరు. కూర్చుండుటకు తగిన చోటు దొరికినది గనుక లోకములకు వెలుగు తెచ్చు రథమును ఆయన నడుపుచున్నాడు.

మనుస్మృతి ద్వితీయాధ్యాయమున, దారిలో ఎవరికి తొలగి త్రోవ ఇవ్వవలెనో చెప్పబడినది. ఆ వరుసలో మొట్టమొదటివాడు చక్రి, అనగా చక్రములు గల వాహనముపై నున్నవాడు. పిమ్మట తొంబది యేండ్లు దాటిన వృద్ధుడు, రోగి, బరువు మోయువాడు, స్త్రీ. ఆనాటి చక్రి బండిలోనివాడు. నేటి చక్రి కుర్చీలోనివాడని గ్రహించుటకు పెద్ద వ్యాఖ్యానము అక్కరలేదు. మహాభారత అరణ్యపర్వమున అష్టావక్రుడు జనకుని యజ్ఞశాలకు వచ్చినపుడు ద్వారపాలకుడు అడ్డగించెను. ఎనిమిది వంకరల దేహము గల ఆ బాలుడు లోనికి పోయి, వందిని వాదమున గెలిచెను. వాకిటనే ఆగిపోయిన యెడల నష్టము ఆ సభకే గదా!

ఆగమ విషయమున సందేహమునకు తావు లేదు. గర్భాలయ ప్రవేశము అర్చకునకే గాని ఇతరులకు లేదు. కాళ్లున్నవారును మండపమున నిలిచియే దర్శనము చేసికొనుచున్నారు. లిఫ్టు కూడ ఆ మండపము వరకే. మనము పాటింపవలసిన నియమములు కొన్ని గలవు. లిఫ్టు చట్రము విమానశిఖరమునకు మించి లేవరాదు. శిల్పములున్న అధిష్ఠానమును తొలచరాదు. ప్రదక్షిణ మార్గమున కడ్డు రారాదు. పూజ లందుకొను గడపను నరుకరాదు. దానిపై తీసివేయదగిన వాలు పలకను ఇరువైపుల పరచవలెను. స్థపతిని, ఇంజనీరును ఒకేచోట కూర్చుండబెట్టి మాట్లాడించిన ఇవన్నియు తీరును. రక్షిత కట్టడమైన ఆలయమునకు పురావస్తు శాఖ అనుమతి తప్పనిసరి.

ఇంకొక మాట. గుడికి రాలేనివారి కొరకే గదా ఉత్సవమూర్తి వీథులకు వేంచేయుచున్నాడు! స్వామి రథచక్రములపై భక్తుని వాకిటికి వచ్చుచుండగా, భక్తుడు చక్రములపై స్వామి వాకిటికి వచ్చుటకు అభ్యంతర మేమున్నది?

చట్టము చెప్పునది

2016వ సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోనికి వచ్చినది. ప్రజలు వచ్చిపోవు భవనము ప్రభుత్వముదైనను, ప్రైవేటుదైనను అది ప్రజాభవనమే యని ఆ చట్టము నిర్వచించినది. విద్యాలయములు, వైద్యాలయములు, వాణిజ్య స్థలములతో పాటు మతసంబంధ కార్యములు జరుగు భవనములు కూడ ఆ నిర్వచనమున స్పష్టముగ చేరినవి. నియమావళి 2017 జూన్ నెలలో వెలువడినది. నాటి నుండి అయిదేండ్లలోగా పాత భవనములన్నిటిని అందరికి అందుబాటులోనికి తేవలెనని చట్టపు ఆజ్ఞ. ఆ గడువు 2022లోనే ముగిసినది. 2024 నవంబరు 8న సర్వోన్నత న్యాయస్థానము రాజీవ్ రతూరి వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ఈ ప్రమాణములు కేవలము సలహాలుగా మిగిలిపోరాదనియు, తప్పక పాటింపవలసిన ప్రమాణములను ప్రభుత్వము రూపొందింపవలెననియు ఆదేశించినది.

అమెరికాలో స్థిరపడిన మన దాతలకు ఒక విశేషము చెప్పవలెను. అచ్చటి 1990 నాటి దివ్యాంగుల చట్టము ప్రార్థనాలయములకు మినహాయింపు నిచ్చినది. మన దేశపు చట్టము దేవాలయమును కూడ కలుపుకొన్నది. ఈ ఒక్క విషయమున మనము ముందున్నాము. చేతలలో కూడ ముందుండవలెను.

ముందు కొలత, పిమ్మట కొనుగోలు

మొదట చేయవలసినది కొటేషన్లు తెప్పించుట కాదు, టేపు పట్టి ఎత్తు కొలచుట. మన ఆలయమున మూడు చోట్ల మూడు ఎత్తులున్నవి. గోపురద్వారమువద్ద ఆరంగుళములు. ముఖమండపమువద్ద ఆరంగుళముల మెట్లు ఎనిమిది, అనగా నాలుగడుగులు. అన్నదాన భోజనశాల మొదటి అంతస్తునందు. ఈ మూటికి ఒకే మందు పనికిరాదు.

వాలుదారికి, అనగా ర్యాంపునకు, పాటింపవలసిన లెక్క ఒకటికి పన్నెండు. అడుగు ఎత్తు ఎక్కుటకు పన్నెండడుగుల పొడవు కావలెను. గోపురమువద్ద ఆరడుగుల వాలుదారి చాలును. అచ్చట యంత్రముతో పనిలేదు. ముఖమండపమునకు నలువదియెనిమిది అడుగులు కావలెను. 75 సెంటీమీటర్ల ఎత్తు ఎక్కిన పిమ్మట ఊపిరి తీసికొనుటకు సమతలమైన చోటు కూడ విడువవలెను. స్థలమున్నచో వాలుదారియే ఉత్తమము. దానికి కరెంటు అక్కరలేదు, చెడిపోదు, ఎవరి సహాయమును కోరదు. స్థలము లేదని దానిని నిలువుగా కట్టరాదు. నిలువైన వాలుపై కుర్చీ వెనుకకు జారును. నీరు పడిన నునుపురాయిపై అది మరింత ప్రమాదము. మన దక్షిణ ప్రాకారమున వాహనశాల యున్నందున అంత పొడవు దొరకదు. కనుక అచ్చట లిఫ్టు కావలసివచ్చినది.

లిఫ్టులు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది మెట్ల పట్టాల వెంబడి ఏటవాలుగా జరుగునది. అందు రెండు రకములు. చిన్న పీఠము గలది ఒకటి. అది నడచునపుడు మెట్ల దారి ఇరుకగును. పర్వదినముల రద్దీలో అది భక్తులకడ్డు. కూర్చుండు ఆసనము గలది రెండవది. అందు రోగి తన చక్రాల కుర్చీ నుండి లేచి ఆ ఆసనము మీదికి మారవలెను. ఇంటిలో నడువగల వృద్ధునకు అది చక్కనిది. లేవలేని వానికి అది నిష్ప్రయోజనము.

రెండవది నిట్టనిలువుగా లేచు వేదిక, ప్లాట్‌ఫారం లిఫ్టు. కుర్చీతో సహా మనిషి దానిపైకి పోవును. చుట్టును నడుమెత్తు గోడ, ముందు వెనుకల తలుపులు. పెద్ద గోతితో పనిలేదు, పైకప్పు గది అక్కరలేదు. నాలుగడుగుల ఎత్తునకు ఇది సరిపోవును. మూడవది మనమెరిగిన మామూలు ప్రయాణికుల లిఫ్టు. అంతస్తులు ఎక్కుటకు అదియే తగినది. మన భోజనశాలకు కావలసినది అదియే.

భోజనశాలకు సరుకుల లిఫ్టు ఎటులను కట్టుచున్నాము గదా, వృద్ధులను కూడ అందులోనే పంపిన సొమ్ము మిగులును అని ఒక ప్రతిపాదన సంఘము ముందునకు వచ్చినది. ఆ ప్రతిపాదన చేసినవారిది పొదుపు బుద్ధియే గాని దుర్బుద్ధి కాదు. అయినను దీనిని అంగీకరింపరాదు. మనుషుల లిఫ్టునందుండు రక్షణలన్నియు సరుకుల లిఫ్టునందు ఉండునని చెప్పలేము. బియ్యపు బస్తాలతో పాటు తల్లిదండ్రులను ఎక్కించుట మన ధర్మము కాదు.

ఎన్నుకొనునపుడు చూడవలసినవి

వేదిక కొలత: కుర్చీ ఒక్కటే కాదు, వెనుక నెట్టువాడు కూడ నిలువవలెను. అందుకు వెడల్పు 900, పొడవు 1400 మిల్లీమీటర్లు తక్కువ కాకుండ చూడవలెను. ఒకవైపు ఎక్కి ఎదుటివైపు దిగునట్లున్నచో కుర్చీని వెనుకకు నడుపు పనిలేదు. భక్తుడు స్వామికి అభిముఖముగానే మండపము చేరును. ప్రక్కకు తిరిగి దిగవలసివచ్చిన, వేదిక ఇంకను వెడల్పుండవలెను.

బరువు: మనిషి ఎనుబది కిలోలు, తోడు వచ్చినవారు డెబ్బది. మామూలు కుర్చీ ఇరువది. బ్యాటరీ కుర్చీ యైన నూరు దాటవచ్చును. మొత్తము రెండువందల యేబది దాటినది. కనుక మూడువందల కిలోలకు తక్కువ మోయు లిఫ్టును ఎన్నుకొనరాదు. బరువు మించినపుడు కదలక గంట మ్రోగించు ఏర్పాటుండవలెను.

వేగము: ఇట్టి వేదికల వేగము సెకనుకు 15 సెంటీమీటర్లకు మించరాదు. నాలుగడుగులకు ఎనిమిది తొమ్మిది సెకనులు పట్టును. ఎక్కుట, తలుపు మూయుట, దిగుట కలిపి ఒక్కొక్కరికి రెండు నిమిషములనుకొనిన, గంటకు ముప్పది మంది. ముక్కోటి ఏకాదశినాడు ఎందరు వత్తురో చూచుకొని దర్శన వేళలు పంచవలెను.

నడుపు విధానము: నూనె ఒత్తిడితో, అనగా హైడ్రాలిక్ పద్ధతిలో, నడచునవి కొన్ని, మరచుట్టు కడ్డీపై నడచునవి కొన్ని. హైడ్రాలిక్ దానిలో కరెంటు పోయినను మీట త్రిప్పి మెల్లగా క్రిందికి దింపవచ్చును; కాని నూనె కారకుండ చూచుకొనవలెను. మరకడ్డీ దానిలో వేదిక తనంతట తాను జారదు. ప్రధానమైన మర అరిగినను పట్టుకొనుటకు రెండవ మర యుండవలెను. ఏది కొన్నను, కరెంటు పోయినపుడు దింపుటకు బ్యాటరీ గాని చేతిమీట గాని లేనిదానిని కొనరాదు. హారతి వేళ నడిమిలో నిలిచిపోయిన భక్తుని భయమును తలచుకొనుడు.

రక్షణ: వేదిక సరిగా సమతలమునకు చేరనిదే తలుపు తెరచుకొనరాదు. తలుపు మూయనిదే వేదిక కదలరాదు. క్రింద చిన్నపిల్లవాని చేయి గాని పుష్పముల బుట్ట గాని తగిలిన తక్షణమే ఆగవలెను. బటను నొక్కియుంచినంతసేపే కదిలి, వదలగానే నిలువవలెను. అత్యవసర మీట కూర్చున్నవాని చేతికందవలెను. విద్యుత్తు లీకైన వెంటనే సరఫరా తెగిపోవు సాధనము తప్పనిసరి. మన ఆలయమున అభిషేక జలము, కొబ్బరినీరు, దీపపు నూనె, పసుపు కుంకుమలు నేలపై ఎల్లప్పుడు నుండును. కనుక తుప్పు పట్టని ఉక్కు, నీరు చొరని మోటారు పెట్టె, అడుగున నీరు పోవు కాలువ, గరుకైన నేల కావలెను. ఎలుకలు తీగలు కొరకకుండ గొట్టములలో నడపవలెను.

అంతస్తుల లిఫ్టునకు: తలుపు వెడల్పు 900 మిల్లీమీటర్లకు తగ్గరాదు. తలుపు తెరచుకొని కనీసము అయిదు సెకనులు ఆగవలెను. బటనులు కూర్చున్నవానికందు ఎత్తున, చూపులేనివారు తడిమి తెలిసికొనునట్లు బ్రెయిలు చుక్కలతో నుండవలెను. ఏ అంతస్తు వచ్చినదో మాటలలో వినిపింపవలెను. ఎదుట 1800 మిల్లీమీటర్ల నలుచదరపు ఖాళీ విడువవలెను.

లిఫ్టు ఒక్కటే మార్గము కాదు

ఎంత మంచి లిఫ్టు కొన్నను, అక్కడికి చేరు దారి లేనిచో వ్యర్థము. వాహనము దిగు చోటు నుండి గోపురము వరకు గులకరాళ్లుండరాదు. క్యూ లైను కమ్ముల నడుమ రెండడుగులే యున్నచో కుర్చీ దూరదు, మూడడుగులు కావలెను. కాళ్లు కడుగుకొను కుళాయి, మరుగుదొడ్డి కూడ అందుబాటులో నుండవలెను. గోపురము నుండి తీర్థము పుచ్చుకొను చోటి వరకు ఒక పర్యాయము చక్రాల కుర్చీలో కూర్చుండి పోయి చూచిన, ఎచ్చట ఆగిపోవుదుమో తెలియును.

నలుగురు యువకులు కుర్చీతో సహా ఎత్తుకొని మెట్లెక్కించుచున్నారు గదా, అది చాలదా యని అడుగువారున్నారు. వారి ప్రేమ గొప్పది. కాని జారిన ప్రాణాపాయము. పరపురుషులు తన్ను ఎత్తుకొనుటకు సిగ్గుపడి గుడికి రాని తల్లు లెందరో కలరు. స్వామిని చూచుటకు ఎవరికిని మానము విడువవలసిన అగత్యముండరాదు.

చక్రముల శౌచమును గూర్చియు ప్రశ్న కలదు. చక్రములు పాదరక్షలు కావు. ఆ భక్తునకు అవియే పాదములు. మనము పాదములు కడుగుకొని ప్రవేశించునట్లు, చక్రములను తడిగుడ్డతో తుడిచి ప్రవేశపెట్టవలెను. ఆలయమున శుభ్రమైన కుర్చీలు నాలుగు ఉంచుటయు మంచిదే. అయితే దేహమునకు తగినట్లు చేయించుకొన్న తమ కుర్చీని విడువలేనివారిని మారుమని నిర్బంధింపరాదు.

దాతలకు, వ్యాపారులకు మనవి

మీలో కల్యాణమండపములు, వస్త్రదుకాణములు, ఆసుపత్రులు, పాఠశాలలు నడుపువారు పెక్కండ్రు కలరు. పైన చెప్పిన లెక్కలు మీ భవనములకును వర్తించును. మురుగు కాలువపై కట్టిన మూడు మెట్లు పదునెనిమిది అంగుళములైన, పదునెనిమిది అడుగుల వాలుదారి కావలెను. వీథిలో అంత చోటు లేనపుడు చిన్న ప్లాట్‌ఫారం లిఫ్టు తగినది. కల్యాణమండపము కట్టువారు పునాదినాడే నేలను వీథికి సమముగ నుంచిన, రేపు యంత్రము కొనవలసిన పనియే లేదు.

కొనునపుడు తక్కువ ధర నొక్కదానినే చూడరాదు. విడిభాగములు ఎచ్చట దొరకును, పిలిచిన ఎన్ని గంటలకు మెకానిక్కు వచ్చును, వార్షిక నిర్వహణ ఒప్పందమున ఏమేమి చేరియున్నవి, బరువు పరీక్ష చేసి పత్రమిత్తురా, మన సిబ్బందికి శిక్షణ నిత్తురా యని వ్రాతపూర్వకముగ అడుగవలెను. ఇంటింటను మనకు తెలిసిన చక్రాల కుర్చీ భక్తులున్నారు. నమూనా ఎన్నుకొనుటకు ముందు వారిని పిలిచి అడుగవలెను. చివరి వాయిదా సొమ్ము చెల్లించుటకు ముందు వారినే ఎక్కించి చూడవలెను. వారు సరియన్నదే సరి. ఆభరణము స్వామికి సరిపోయినదో లేదో స్వామి విగ్రహమునకు పెట్టి చూతుము గాని, మన మెడలో వేసికొని చూడము గదా!

అన్నిటికంటె ముఖ్యమైనది తాళపుచెవి. అనేక భవనములలో లిఫ్టు ఉండును, తాళము వేసియుండును, చెవి గలవాడు భోజనమునకు పోయియుండును. మరికొన్ని చోట్ల దానిపై పందిరి గుంజలు, ప్లాస్టిక్ కుర్చీలు పేర్చియుందురు. తాళము వేసిన లిఫ్టు గోడతో సమానము. మన ఆలయమున సుప్రభాతము నుండి ఏకాంతసేవ వరకు లిఫ్టు నెరిగిన సేవకుడొకడు అచ్చటనే యుండవలెనని సంఘమునకు నా విన్నపము.

శాశ్వత నిత్యార్చన పథకమునకు మీరు మూలధనము నిచ్చుచున్నారు. దాని వడ్డీతో అర్చన నిరంతరము సాగుచున్నది. అట్లే లిఫ్టునకును ఒక శాశ్వత నిర్వహణ నిధి యుండవలెను. శుభ్రత, నూనె, తనిఖీ, మరమ్మతు దానికి నిత్యార్చన. యంత్రమును కొనియిచ్చు దాత ఒక్కరు చాలును. దానిని పదేండ్లు నడిపించు దాతలు పలువురు కావలెను. ఫలకముపై పేరు చెక్కించుకొనుట మన ఆచారమే, అది తప్పుకాదు. కాని ఆ ఫలకముపై దివ్యాంగులకు దానము అని వ్రాయవలదని నా ప్రార్థన. దర్శనము మనము వారికిచ్చు దానము కాదు. వారికి రావలసిన దానిని మెట్లు ఇంతకాలము ఆపినవి. మన మాపిన దానిని తిరిగి ఇచ్చుచున్నాము.

గోపురమువద్ద వాలుదారి పూర్తియైనది. ముఖమండపపు ప్లాట్‌ఫారం లిఫ్టు, భోజనశాల లిఫ్టు ఎస్టిమేట్లు సంఘము పరిశీలనలో నున్నవి. మండలాభిషేకములు ముగియులోగా ఈ రెంటికిని నిర్ణయము జరుగవలెనని నా ఆకాంక్ష. కలశములకు బంగారు పూత పూయించిన చేతులే ఈ ఎనిమిది మెట్లను కూడ దాటింపగలవు.

కుంభాభిషేక జలము శిఖరముపై పడి, అచ్చటినుండి క్రింద నిలిచిన ప్రతివాని శిరస్సుపైకి చిందినది. అది ఎవరికాళ్లను లెక్కింపలేదు. స్వామి అనుగ్రహము అట్టిది. మన ఆలయమును అట్టిదే కావింతుము గాక!

స్వస్తి. శుభం భూయాత్.